క్యూబా మేడమ్ సంతకం

మొన్న మంగళవారం సాయంత్రం తుర్కపల్లిలో మా కంపెనీ గేటు బయట క్యాబ్ కోసం నిలబడి ఉండగా క్యూబా మేడమ్ నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. ఏడాదికి పైగా ఆ నంబరు నుంచి ఉలుకూ పలుకూ లేదు. నేను పంపిన పండగ శుభాకాంక్షలూ, మా అన్న బిడ్డ ఫొటోలూ ఒంటి టిక్కుతో అలాగే ఉండిపోయాయి. గబగబా తెరిచాను.

మెసేజ్ తెలుగులో ఉంది. ఫోన్‌లో వేసి మార్చుకున్న తెలుగు.

"నమస్కారము మంజుల. నేను ఆమె కుమారుడను. నేను జైలు నుండి వచ్చుటకు నాలుగు నెలల ముందు అమ్మ జ్వరముతో మరణించినది. అమ్మ ఫోనులో మీ ఫొటోలు చూచితిని. ఒక ప్రశ్న కలదు. నాకు వ్యతిరేకముగా ఉన్న కాగితముపై అమ్మ సంతకము చేసినదా? విచారణ అధికారి చేసినదని చెప్పెను. నేను అమ్మను అడుగలేదు. జైలులో మా ప్రక్కన ఎల్లప్పుడు ఒకడు నిలబడి ఉండెను."

క్యాబ్ వచ్చింది, ఎక్కాను. డ్రైవర్ అఫ్జల్ భాయ్ నా ముఖం చూసి "ఏమైంది చెల్లె?" అని అడిగాడు. శామీర్‌పేటలో దిగి ఇంటికి వెళ్లకుండా చెరువు కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాను. బుధవారం కూడా జవాబు రాయలేదు. ల్యాబ్‌లో రెండు శాంపిళ్లు తారుమారు చేశాను. ఒక్క మాట రాయబోతే ఆ మనిషి మొత్తం కళ్ల ముందుకు వచ్చేది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. కొడుకు షరతుల మీద బయట ఉన్నాడు. కంపెనీలో అందరికీ ఆవిడ క్యూబా మేడమే.

ప్రోటీన్‌ను శుద్ధి చేసే ఒక పద్ధతి మాకు నేర్పడానికి, అక్కడి సర్కారు పరిశోధన సంస్థ తరఫున ఆరు నెలల కోసం వచ్చింది. వచ్చిన రెండో నెలలో లాక్‌డౌన్ పడింది. విమానాలు ఆగిపోయాయి. ఆరు నెలలు కాస్తా ఏడాదిన్నర దాటాయి. బహదూర్‌పల్లిలోని కంపెనీ గెస్ట్‌హౌస్‌లో ఉండేది. పొద్దున క్యాబ్ ఆవిణ్ని ఎక్కించుకుని గండిమైసమ్మ మీదుగా మేడ్చల్ వచ్చి, శామీర్‌పేటలో నన్ను ఎక్కించుకుని తుర్కపల్లి వెళ్లేది. క్వాలిటీ కంట్రోల్‌లో నేను అప్పటికి అయిదేళ్లుగా టెక్నీషియన్‌ని. ఆవిడకు సహాయంగా నన్ను వేశారు.

యాభై నాలుగేళ్లు. ఎత్తు మనిషి. మనలాగే చామనచాయ. మాస్కు పెట్టుకుంటే ఎవరూ పరాయి దేశస్థురాలని అనుకునేవారు కాదు. ఒకసారి మేడ్చల్‌లో సీతాఫలాలమ్మే అవ్వ ఆవిడతో బేరమాడీ ఆడీ, జవాబు రాక విసుగొచ్చి "గింత ఎత్తున్నవ్, నోరు లేదా తల్లీ?" అని గద్దించింది. నేను అర్థం చెబితే మేడమ్ మాస్కు కిందికి లాగి, నోరంతా తెరిచి చూపించింది. అవ్వ నవ్వాపుకోలేక ఒక పండు ఎక్కువేసింది.

ఆవిడ కూర్చోవడం నేను చాలా తక్కువ చూశాను. ల్యాబ్‌లో స్టూలు కనిపిస్తే కాలితో పక్కకు నెట్టేసేది. సెంట్రిఫ్యూజ్ తిరిగినంతసేపు కారిడార్‌లో తిరిగేది. గండిమైసమ్మ చౌరస్తాలో పొద్దున పూట లారీలూ కాలేజీ బస్సులూ అడ్డంపడి క్యాబ్ ఆగిపోతుంది. ఆగిన మరుక్షణం దిగి నడక మొదలుపెట్టేది. జామ్ తెగాక అఫ్జల్ భాయ్ ముందుకెళ్లి ఆవిణ్ని వెతికి ఎక్కించుకోవాలి.

"మేడమ్ ఫిర్ ఉతర్ గయే, మల్ల దిగిపాయె," అని తల పట్టుకునేవాడు. "డోర్ లాక్ జేస్తే అద్దం దింపి, చెయ్యి బయట వెట్టి తీస్కుంటది. నేనేం జెయ్యాలె చెల్లె?"

ఆయన మొదటి వారం ఇంకో విషయానికి పరేషాన్ అయ్యాడు. మేడమ్ పొద్దున క్యాబ్ ఎక్కగానే "మి అమోర్" అని పలకరించేది. ఆ మాటకు అర్థం 'నా ప్రేమా' అని ఫోన్‌లో చూసుకుని, ముఖం ఎర్రబడి నా దగ్గరికొచ్చాడు. వాళ్ల దేశంలో కూరగాయలమ్మే ముసలాయనను కూడా అలాగే పిలుస్తారని నేను ఆవిణ్ని అడిగి తెలుసుకుని చెప్పాను. "అంటే మన అన్నా అన్నట్టు?" అన్నాడు. అంతే అన్నాను. అప్పటి నుంచి కుదుటపడ్డాడు.

ఆవిడ నేర్చుకున్న మొదటి తెలుగు మాట "ఆఖరు ఎవరు?" క్యాంటీన్ లైనుకు వచ్చి పెద్దగా అడిగేది. ఎవరో చెయ్యెత్తేవారు. ఆ మనిషి ముఖం గుర్తు పెట్టుకుని, లైనులో నిలబడకుండా ఎటో వెళ్లి తిరిగి, సరిగ్గా ఆ మనిషి వెనక వంతుకు వచ్చి నిలబడేది. వాళ్ల ఊళ్లో రొట్టెకూ, మందుకూ, బస్సుకూ అన్నిటికీ గంటల తరబడి లైన్లట. అందరూ నిలబడలేక ఈ పద్ధతి పెట్టుకున్నారట. మా క్యాంటీన్‌లో లైను పది నిమిషాలకు మించదు. అయినా మానలేదు.

దేన్నీ పారేయనిచ్చేది కాదు. పాలిథిన్ సంచులు కడిగి, గెస్ట్‌హౌస్ బాల్కనీలో బట్టల క్లిప్పులు పెట్టి ఆరేసేది. ఒకవైపు అచ్చయిన కాగితం రెండో వైపు నిండేదాకా వాడేది. గెస్ట్‌హౌస్ మిక్సీ, మా ఇంటి టేబుల్ ఫ్యాను, అఫ్జల్ భాయ్ కారు వైపర్, ఏది పాడైందన్నా "పారేయకు, నాకివ్వు" అనేది. చెరుకు కోసే కూలీ బిడ్డ ఆవిడ. వాళ్ల నాయన సంతకం పెట్టడం కూడా పెద్దయ్యాకే నేర్చుకున్నాడట. పైసా ఖర్చు లేకుండా సర్కారే ఆవిణ్ని సైంటిస్టును చేసింది. ఆ మాట గర్వంగా చెప్పేది. పార్టీ సభ్యురాలు కూడా. వాళ్ల దేశం గురించి ల్యాబ్‌లో ఎవరైనా వెటకారంగా మాట్లాడితే ఊరుకునేది కాదు.

కొడుకు ఒక్కడే. అప్పుడు పంతొమ్మిదేళ్లు. చిన్నమ్మ దగ్గర ఉండి పాలిటెక్నిక్ చదువుతున్నాడు. రోజూ సాయంత్రం ఆరింటికి, అక్కడ పొద్దున ఎనిమిదిన్నర అవుతుండగా, గేటు దగ్గర నిలబడి వాడితో మాట్లాడేది. క్యాబ్ ఇంజన్ నడుస్తూ ఉండేది, లోపల మేం గడియారాలు చూసుకుంటూ ఉండేవాళ్లం. ఫోన్ చెవిన పెట్టుకుని గేటు నుంచి కరెంటు స్తంభం దాకా, స్తంభం నుంచి గేటు దాకా తిరిగేది. వాడి మాటలు మాకు వినిపించేవి కావు. ఆవిడ నవ్వు వినిపించేది.

జూలైలో ఒక శనివారం సాయంత్రం నవ్వు లేదు. మొదటిసారి ఆవిడ అరవడం విన్నాను. ఫోన్ పెట్టేసి క్యాబ్ ఎక్కి, మోకాలి మీద పిడికిలితో కొట్టుకుంటూ కూర్చుంది.

"ఏమైంది మేడమ్?"

"వాడి క్లాసు పిల్లలు వీధిలోకి వెళదామనుకుంటున్నారట. కరెంటు రోజుకు సగం పూట ఉండడం లేదు. కరోనాకు మందుల్లేవు. తిండికి లైన్లు. అన్నీ నిజమే. కానీ వీధిలోకి వెళితే ఏమొస్తుంది? ఇంట్లో కూర్చో, నీకు తెలియదు, వాళ్ల వెనక ఎవరున్నారో నీకు తెలియదు అన్నాను."

"వాడేమన్నాడు?"

"అమ్మా, వెనక ఎవరూ లేరు, నేనున్నాను అన్నాడు. నేను పెట్టేశాను."

మర్నాడు ఆదివారం వాళ్ల దేశంలో ఊరూరా జనం బయటికొచ్చారు. ఎక్కువమంది కుర్రవాళ్లే. ఆ వార్త మేడమ్‌కు సోమవారం పొద్దున మా ల్యాబ్ కంప్యూటర్‌లో కనిపించింది. వెంటనే ఫోన్ చేసింది. కలవలేదు. అక్కడి ప్రభుత్వం ఇంటర్‌నెట్ తీసేసింది. ఆ రోజూ మర్నాడూ ఆవిడ నడుస్తూనే ఉంది. కోట్ వేసుకోవడం మర్చిపోయి, చేతిలో ఫోన్‌తో, ప్రోటీన్‌ను వడకట్టే కాలమ్ గొట్టానికీ కిటికీకీ మధ్య. క్యాంటీన్‌కు రాలేదు. సాయంత్రం ఆరింటికి అలవాటు ప్రకారం గేటు దగ్గర ఫోన్ చెవిన పెట్టుకుని నిలబడింది, లైన్ కలవలేదు. క్యాబ్‌లో ఎవరూ గడియారం చూసుకోలేదు.

ఆరో రోజు చెల్లెలి నుంచి ఒక వీడియో వచ్చింది. వీధిలో పిల్లలు చప్పట్లు కొడుతూ నడుస్తున్నారు. పసుపు చొక్కా వేసుకున్నవాడు వీళ్ల అబ్బాయి. మలుపు దగ్గర నల్ల బట్టల పోలీసులు, మామూలు బట్టల్లో దుడ్డుకర్రలు పట్టుకున్నవాళ్లు ఎదురొచ్చారు. పిల్లలు చెల్లాచెదురయ్యారు. పసుపు చొక్కావాణ్ని ఇద్దరు జుట్టు పట్టుకుని వ్యాన్ దాకా ఈడ్చారు. అంతే, నిమిషం కూడా లేదు. వాడు ఎక్కడున్నాడో చిన్నమ్మకు తెలియదు. ఏ ఠాణాకు వెళ్లినా తమ దగ్గర లేడన్నారట. మూడు వారాలకు గానీ ఫలానా జైలు అని చెప్పలేదు.

మా మేనేజర్ సారు మేడమ్‌ను పిలిచి, ఈ విషయం బయట ఎవరితోనూ మాట్లాడొద్దని, వీసా ఇబ్బంది అవుతుందని మర్యాదగానే చెప్పారు. అయిదో వారంలో ఆవిడ సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. దానికి ఒక ఉత్తరం జత చేసి ఉంది. ఆవిడే రాసినట్టుగా వాళ్లే తయారుచేసి పంపారు. సంతకం చేసి, స్కాన్ తీసి తిప్పి పంపమన్నారు. పంపితే కొడుకు కేసులో మేలు జరగొచ్చు. కాంట్రాక్టు కూడా ఇంకో ఏడాది పొడిగిస్తారు. పంపకపోతే ఏమవుతుందో రాయలేదు.

ప్రింట్ తీసింది నేనే. స్పానిష్ నాకు రాదు. మేడమ్ చదివి, మడిచి, సంచిలో పెట్టుకుంది. మర్నాడు పెన్ను మూత తీసి కాగితం మీదికి వంగడం చూశాను. మూత పెట్టేసి నడవడానికి వెళ్లిపోయింది. ఆ మర్నాడూ అంతే.

"సంతకం చేస్తే వాణ్ని ఇడిసిపెడ్తరా?" అని అడిగాను. హడావుడిలో తెలుగులోనే అడిగి, మళ్లీ ఇంగ్లీషులో చెప్పాను.

"ఏమో. చేయకపోతే మాత్రం వదలరు. చేస్తే వాడు నన్ను వదిలేస్తాడు."

ఆవిడ సరిగ్గా తినడం లేదని, ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి పిలిచాను. ఇక్కడ మా బాపు గురించి చెప్పాలి.

మా బాపు శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. వయసులో ఉండగా చెరువు మీద హక్కు కాంట్రాక్టరుకు పోయినప్పుడు, మా వాళ్లంతా ఎర్రజెండా సంఘంలో చేరి మేడ్చల్‌లో ఊరేగింపు తీశారు. పోలీసులు విరగ్గొట్టారు. బాపు ఎడమ మణికట్టు అప్పుడు విరిగి వంకరగానే అతుక్కుంది. చదవడం, రాయడం నేర్పింది కూడా సంఘమే. అమెరికాకు కూతవేటు దూరంలో ఉండి కూడా తల వంచని చిన్న దేశం ఒకటుందని, అక్కడ పేదవాళ్ల పిల్లలు డాక్టర్లవుతారని సంఘం క్లాసుల్లో విన్నాడు. ఆ దేశం మనిషి మా ఇంటికొస్తోందని తెలిసి, ముందు రోజే చెరువుకు పోయి కొర్రమీను తెచ్చాడు. ఉతికిన ధోతి కట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

మేడమ్ కొడుకు సంగతి బాపుకు నేను చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు. అది నా తప్పే.

మేడమ్ వాకిట్లోకి రాగానే బాపు పిడికిలెత్తి "లాల్ సలాం చెల్లె" అన్నాడు. ఆవిడ ఒక క్షణం ఆగి తనూ చెయ్యెత్తింది. చాప మీద కూర్చున్నారు. జొన్న రొట్టె, కొర్రమీను పులుసు. ఆవిడ చాలా రోజుల తర్వాత ఆకలితో తినడం చూసి నా మనసు తేలికపడింది. అప్పుడు బాపు మొదలుపెట్టాడు.

"మీ దేశంల అమెరికోళ్లు గడబిడ జేపిస్తుండ్రట గదా చెల్లె. పోరగాండ్లకు పైసలిచ్చి బజార్లకు తోలిండ్రట. మా మీటింగుల జెప్పిండ్రు. మీరేం భయపడకుండ్రి, మీ సర్కారు గట్టిగున్నది."

నేను అనువదించలేదు. పులుసు వడ్డించబోయాను.

"ఏమన్నాడు?" అంది మేడమ్.

"ఏం లేదు మేడమ్. మీ దేశం బాగుండాలన్నడు."

"మన్‌హూలా." నా పేరు ఎప్పుడూ ఆవిడ నోట అలాగే పలికేది. "ఉన్నది ఉన్నట్టు చెప్పు."

చెప్పాను. ఆవిడ రొట్టె కింద పెట్టింది. లేచి వాకిట్లోకి వెళ్లి, చేతికంటిన పులుసుతోనే అటూ ఇటూ నడిచింది. బాపు నా వైపు చూశాడు. "ఏమైంది బిడ్డా? నేనేమన్న తప్పన్ననా?"

ఆవిడ తిరిగొచ్చి, చెయ్యి కడుక్కుని, సంచిలోంచి ఆ ఉత్తరం తీసింది. ఒక వాక్యం మీద వేలు పెట్టి నాకు ఇంగ్లీషులో చదివి వినిపించింది. నా కొడుకు విదేశీ శత్రువుల డబ్బుకు ఆశపడి, వాళ్లు పంపితే వీధిలోకి వెళ్లాడు.

"మీ నాన్నకు చెప్పు. నేను సంతకం చేయాల్సిన వాక్యం ఇది. నాకంటే ముందే మీ ఇంటికొచ్చింది." ఉత్తరం మడుస్తూ మళ్లీ అంది. "నేనూ వాడితో ఇదే అన్నాను. శనివారం. ఇలాగే, ఇంత నమ్మకంగా."

ఒక్కో మాటా బాపుకు చెప్పాను. ఫోన్‌లో వీడియో ఆవిడే పెట్టి ఇచ్చింది. బాపు కళ్లద్దాలు తెచ్చుకుని చూశాడు. మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి కూడా.

"గీ పసుపు అంగిపోరడేనా?"

"వాడే బాపూ."

"ఏమని ఒర్రుతుండ్రు?"

అడిగి చెప్పాను. స్వేచ్ఛ అని.

"గీ పోలీసోళ్లు ఎవలోళ్లు? అమెరికోళ్లా?"

మేడమ్ ప్రశ్న అర్థం చేసుకుని తనే తల అడ్డంగా ఊపింది. "మా వాళ్లే," అంది. "మా ప్రభుత్వం."

"డబ్బిచ్చారంటున్నారు," అని నాతో అంది. "వాడి బూటు అడుగు ఊడిపోతే నేను ఇక్కడికి వచ్చే ముందు రోజు నైలాను దారంతో కుట్టాను. వీడియోలో చూడు, అదే బూటు."

బాపు ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. ఆయన కంచంలో సగం రొట్టె అలాగే ఉంది. చెయ్యి కడిగేసుకున్నాడు. క్షమించమని అనలేదు, తను అన్నది తప్పని కూడా అనలేదు. మేడమ్ మాత్రం కూర్చుని, కంచం దగ్గరికి లాక్కుని, మొత్తం తిన్నది. పులుసు మళ్లీ వేయమంది. వెళ్లేటప్పుడు బాపు క్యాబ్ దాకా వచ్చాడు.

సోమవారం పొద్దున నా కంప్యూటర్ దగ్గరికి వచ్చి, నిలబడే టైప్ చేసి, తన సంస్థకు ఒక్క వాక్యం పంపింది. ఏం రాశారని అడిగితే చెప్పింది. "నా కొడుకు ఎవరో పంపితే వెళ్లలేదు, నేను సంతకం చేయను."

వారం తిరక్కముందే కాంట్రాక్టు రద్దయింది. దొరికిన మొదటి విమానానికి వెనక్కి రమ్మన్నారు. ఇక్కడే ఉండిపొమ్మని ఆవిడకు చెప్పినవాళ్లు చాలామంది. మా కంపెనీ ఉన్న జీనోమ్ వ్యాలీలోనే ఇంకో చిన్న కంపెనీ ఆయన వీసా సంగతి తను చూసుకుంటానన్నాడు. నేనూ బతిమాలాను.

"పోతే మిమ్మల్ని గూడ లోపలేస్తే?"

"వేయొచ్చు. కానీ జైల్లో నెలకోసారి తల్లిని చూడనిస్తారు. బహదూర్‌పల్లి నుంచి నెలకోసారి ఎట్లా పోతాను మన్‌హూలా?"

ప్రయాణం రోజు పొద్దున నేనూ అఫ్జల్ భాయ్ గెస్ట్‌హౌస్‌కు వెళ్లాం. ఆవిడ బట్టలు ఒక చిన్న బ్యాగులో సర్దుకుని, పెద్ద పెట్టెంతా జ్వరం మాత్రలు, యాంటీబయాటిక్స్, సబ్బులు, సూదులు, దారపు కండెలు, బ్యాటరీలు నింపింది. కావలసినవాటి జాబితా ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే కొట్టేస్తోంది. కాగితం తిప్పి చూశాను. అదే ఉత్తరం. కింద సంతకం చోట ఖాళీ గీత ఒక్కటే ఉంది. వెనక అంతా మందుల పేర్లు.

గండిమైసమ్మ దగ్గర ఎప్పటిలాగే బండ్లు ఆగిపోయాయి. అఫ్జల్ భాయ్ అలవాటుగా డోర్ వైపు చూశాడు. మేడమ్ దిగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. జామ్ తెగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆవిడ కదలకుండా కూర్చుంటే చూడటం నాకు కష్టమైంది.

ఎయిర్‌పోర్టులో అఫ్జల్ భాయ్‌ని "మి అమోర్" అని దగ్గరికి తీసుకుంది. ఆయన "జీ అమ్మా" అన్నాడు. నాతో చెప్పింది ఒక్కటే, కాలమ్ రోజూ కడగమని.

వెళ్లాక ఆవిణ్ని అరెస్టు చేయలేదు. సంస్థలోకి మాత్రం రానివ్వలేదు. పార్టీ కార్డు తీసేసుకున్నారు. వీధిలోవాళ్లకు ఫ్యాన్లూ కుక్కర్లూ బాగుచేస్తూ బతికింది. కొడుక్కి అయిదేళ్ల శిక్ష పడింది. నెలకోసారి తిండి సంచి మోసుకుని, రెండు బస్సులు మారి వెళ్లేది. నెట్ ఉన్నప్పుడు మెసేజ్ పెట్టేది. వాడు సన్నబడ్డాడని, పళ్లు పాడయ్యాయని, ఎదురుగా కూర్చుని తిండి గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేకపోతున్నామని. తర్వాత అవీ ఆగిపోయాయి.

గురువారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో కూర్చుని ఆ అబ్బాయికి ముందు ఒక ప్రశ్న రాశాను. ఆ కాగితం నీకు ఎప్పుడు చూపించారు?

జవాబు సాయంత్రం వచ్చింది. "పట్టుకొనిన రెండవ వారములో. అధికారి దూరము నుండి చూపెను."

వెంటనే రాశాను. రెండో వారంలో ఆ కాగితమే లేదు. అది మీ అమ్మకు వచ్చింది అయిదో వారంలో. ప్రింట్ తీసింది నేను. అప్పుడు మీ అమ్మ ఇక్కడ, నా పక్కనే ఉంది. సంతకం చేయలేదు. చేయనని జవాబు పంపింది నా కంప్యూటర్ నుంచే. దాని వల్లే ఉద్యోగం పోయింది. ఆ కాగితం వెనక నీకు తెచ్చే మందులు రాసుకుంది.

రెండు టిక్కులు నీలం అయ్యాయి. తర్వాత ఒక్క మాట వచ్చింది. "గ్రహించితిని."

ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను. మేడమ్ పోయిందని రెండు రోజులుగా ఆయనకు కూడా చెప్పలేదు. బాపుకు ఇప్పుడు డెబ్బై దాటాయి. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నవాడు లేచి నిలబడ్డాడు.

"పిలగాన్ని ఇడిసిపెట్టిండ్రా?"

"ఇడిసిపెట్టిండ్రు. తల్లి పొయ్యినంక."

తర్వాత, అడగకుండానే చెప్పాడు.

"మేడమ్ మనింట్ల తినిపోయినంక, ఇంక ఈడ్నే ఉన్నది అప్పుడు. మేడ్చల్ల సంఘం మీటింగైంది. క్యూబా సర్కారుకు మన మద్దతని తీర్మానం జదివిండ్రు. అమెరికా ఆంక్షలు ఎత్తెయ్యాలె అని. నేను గూడ సెయ్యెత్తిన. గది సరైనదే, ఇప్పటికీ గదే అంట. అటెన్క లేసి, ఇంకొక్క లైను రాయుండ్రి అన్న. పట్టుకపోయిన పిలగాండ్లను ఇడిసిపెట్టుమని."

"ఏమన్నరు?"

"నీకు తెల్వది, ఆళ్లు పైసలు దిన్న పోరగాండ్లు అన్నరు. మనం కాంట్రాక్టరు మీద ఊరేగింపు తీసినప్పుడు పేపర్ల గిట్లనే రాసిండ్రు గదనే, ఎవలో పైసలిచ్చి తోలిండ్రని. గది యాది జేసిన. కూసో అన్నరు. తీర్మానం మీద అందరు సంతకాలు వెట్టిండ్రు. నేను వెట్టలే. ఇంటికొచ్చిన."

నాలుగేళ్లుగా బాపు సంఘానికి పోవడం మానేశాడు. మోకాళ్ల నొప్పులని చెప్పేవాడు. నేను నమ్మాను. సంఘం వాళ్లు కూడా ఇటు రావడం మానేశారని అప్పుడు గానీ నాకు తట్టలేదు.

"మేడమ్‌కెందుకు జెప్పలే బాపూ? అప్పుడు జెప్తే మస్తు సంబరపడుతుండె."

"ఏమని జెప్పాలె? అడిగిన గని రాయలేదని జెప్పాల్నా?" అన్నాడు. నా ఫోన్ వైపు చూపించి, "గా పిలగానికి నా మాటొకటి రాయి," అన్నాడు.

ఫోన్ తీశాను.

"శామీర్‌పేటల ఒక ముసలోడున్నడని రాయి. పైసలు దీస్కొని బజార్ల వడ్డరని మీ అమ్మ తినేటప్పుడు అన్నది నేనేనని రాయి. తెల్వక అన్న. తప్పయిందని రాయి."

టైప్ చేశాను. బాపు నా భుజం వెనక నిలబడి, కళ్లద్దాలు సరిచేసుకుంటూ చూస్తున్నాడు.

"తప్పయిందని రాసినవా?"

"రాసిన బాపూ."

"ఏడున్నది, సూపియ్యి."

చూపించాను. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఆ వాక్యం చదివాడు. మళ్లీ ఒకసారి చదివాడు. అప్పుడు పంపమన్నాడు.